పిడికెడు కల్తీ

పరదా 41, మాఘం 3

పొద్దున్నే బక్కెట్లో పేరుకున్న మంచు పగలగొట్టి ముఖం కడుక్కున్నాను. ఆకాశానికి పరదా కట్టి ఎండ తగ్గిస్తామన్న మహానుభావులు తాడు కాస్త ఎక్కువే లాగారు. నలభై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళో మాఘం వచ్చేసరికి ఫ్యాన్లు దులుపుకునేవారట. ఇప్పుడు నేను ఒకదాని మీద ఒకటి మూడు స్వెటర్లు వేసుకుని, ఆ మూడింటికీ ఏయే గొర్రెలు ఉన్ని ఇచ్చాయో తెలిసి మరీ వణుకుతున్నాను.

నా పేరు సుభాషిణి. సొంతూరు చీరాల. ఏడుమడుగులు అనే ఈ ఊరి ఉన్ని కేంద్రంలో రెండో తరగతి జాడ లేఖరిని. గొర్రె ఒంటి మీద నుంచి నూలు ఉండ దాకా ఆ ఉన్ని ఎవరెవరి చేతుల్లోంచి వచ్చిందో చేత్తో రాయడం నా ఉద్యోగం. యంత్రాలు అబద్ధాలు నేర్చుకున్నాక ఉన్ని శాఖవారికి మళ్ళీ మనిషి చేతిరాత మీద భక్తి పుట్టింది. మనిషి అబద్ధం ఆడడని వాళ్ళకెవరు చెప్పారో తెలియదు. శాఖ పుస్తకంలో పన్నెండు గడులుంటాయి. అందులో పట్టని మాటలు కడుపులో పెట్టుకుంటే అరగడం లేదు. అందుకే ఈ రెండో పుస్తకం. ఇది నా సొంతం, శాఖకు దీని ఊసే తెలియదు.

ఇవాళ పదకొండు గొర్రెల ముక్కుముద్రలు తీశాను. మనకు వేలి మీద గీతల్లాగే వాటికి ముక్కు మీద ఉంటాయి. ఊళ్ళో ఉన్నవి రెండు వందల పద్నాలుగు. ఒక్కోదానికి ఒక్కో పేజీ. పేరు, తల్లి, తండ్రి, మేసే గుట్ట, తాగే మడుగు, స్వభావం. స్వభావం దగ్గర నిరుడు ఒకదానికి 'మొండిది' అని ఉన్నమాట రాశాను. ఆ నూలు కొన్న ఆవిడ, కాబోయే అల్లుడికి స్వెటర్ అల్లుతున్నాను, ఇదేం అపశకునం అని ఉండలన్నీ తిప్పి పంపింది. అప్పటి నుంచి మా మందంతా శాంతస్వభావమే. ఇవాళ నా మోకాలి మీద తన్నిన పొట్టేలుది కూడా శాంతస్వభావమే.

మధ్యాహ్నం ఉత్తరాలు. పట్నంలో 'ఒక గొర్రె, ఒక ఉండ' అని కొత్త మోజు బయల్దేరింది. ఉండకు కట్టిన చీటీ మీద చేతి యంత్రం అద్దం పెడితే ఆ గొర్రె కనబడుతుంది, అది మేసిన గడ్డి కనబడుతుంది. అది చూసి కళ్ళు చెమర్చినవాళ్ళు గొర్రెకు ఉత్తరం రాస్తారు. గొర్రె తరఫున జవాబు రాయడం కూడా నా పనే. ఇవాళ చుక్క అనే గొర్రెకు వచ్చింది. "నీ ఉన్ని అల్లుతుంటే నీలోని ప్రశాంతత నా వేళ్ళలోకి పాకుతోంది చుక్కా" అని రెండు పేజీలు. చుక్క దగ్గరికి తీసుకెళ్ళి చదివి వినిపించాను. చుక్క ఆ ఉత్తరాన్ని నమిలి మింగేసింది. 'మీ మాటలు నాకెంతో నచ్చాయి' అని జవాబు రాశాను.

మాఘం 9

ఫిర్యాదు వచ్చింది. నేనీ ఊరికి వచ్చి పదమూడు నెలలైంది, ఇదే మొదటిది.

రాసినావిడ పేరు మంజరి. పట్నంలో తొంభయ్యో అంతస్తులో ఉంటుందట, అక్కడి అల్లికల సమితికి కార్యదర్శి. చుక్క ఉన్నితో స్వెటర్ అల్లుకుని సమావేశానికి వెళ్ళింది. అక్కడ ఎవరో కొత్తగా కొన్న నూలునాలుక బయటికి తీశారు. అగ్గిపెట్టె అంత ఉంటుంది, దాన్ని నూలుకు తాకిస్తే ఏ గొర్రెదో చెబుతుంది. సరదాకి మంజరిగారి భుజానికి తాకించారు. ఇరవై రెండుమంది ఆడవాళ్ళ ముందు అది "గొర్రెలు మూడు" అని పలికింది.

"నా ఒంటి మీద ఇద్దరు అపరిచితులున్నారు" అని రాసింది మంజరిగారు. "ఆ రోజు నుంచి సమితిలో నన్ను చూసే చూపే మారిపోయింది."

ఆవిడ ఎదురింటి తలుపు వెనక ఎవరుంటారో ఆవిడకు తెలుసా అని అడగాలనిపించింది. అడిగే గడి లేదు. వడికే యంత్రం విప్పి చూశాను, ఒక్క పోగు మిగల్లేదు. సంచుల ముద్రలు చూశాను, ఎవరూ కదపలేదు. నా చేతిరాత చూశాను, ఎప్పటిలాగే వంకరగా ఉంది గానీ తప్పు లేదు. 'విచారిస్తున్నాం' అని రాసి, ఏం విచారించాలో తెలియక టీ పెట్టుకున్నాను.

మాఘం 15

ఒకే రోజు రెండు ఫిర్యాదులు. ఒక స్వెటర్‌లో నాలుగు గొర్రెలట, ఒక పసిపిల్ల టోపీలో ఐదట. ఫిర్యాదులు మూడయ్యేసరికి శాఖ నుంచి నోటీసు దానంతటదే వచ్చింది. ఫాల్గుణం పదకొండున తనిఖీ. అందులో తప్పితే ఏడుమడుగులకు జాడ రద్దు.

జాడ రద్దైన మంద గడ్డి మీద కాలు పెట్టకూడదు. రెండు వందల పద్నాలుగు గొర్రెల్నీ శాఖ నమూనా ఫారానికి తోలుకుపోతారు. అక్కడ ఒక్కో గొర్రె ఒక్కో గాజు గదిలో ఉంటుంది, పక్కదాని వాసన కూడా దీనికి తగలదు. గొర్రెల్ని పోగొట్టుకున్నవాళ్ళకు ధన్యవాద పత్రం ఇస్తారు. అంచులకు బంగారు రంగు ఉంటుంది.

ఈ మాట ముందు అయిలవ్వకు చెప్పాలనిపించింది. కేంద్రంలోనే నా గది, దాని గోడకు ఆనుకున్న ఇల్లే ఆమెది. అరవై రెండేళ్ళుంటాయి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ముప్ఫై ఒక్క గొర్రెలున్నాయి. ఊళ్ళో ఆమె అంత నున్నగా కత్తెర ఆడించేవాళ్ళు లేరు. నేను ఊరికి వచ్చిన రెండో రోజున నా వంట వాసన పట్టి, "గిది తింటె సస్తవ్" అని తీర్మానించి, అప్పటి నుంచి మధ్యాహ్నం పూట తన ఇంట్లోనే తిండి పెడుతోంది. రుణం అనే మాట నాకు నచ్చదు. ఆమె అంటే నాకు ఇష్టం, అంతే.

నోటీసు చదివి వినిపించాను. మొత్తం విని అడిగింది.

"మూడే కలిసినయా?"

"ఒకదాంట్లో ఐదు అవ్వా."

"గట్ల జెప్పు" అని, తృప్తిగా రొట్టె తిప్పింది.

ముసలిదానికి అర్థం కాలేదనుకున్నాను. (ఫాల్గుణంలో పక్కన రాసుకున్నది: పదమూడు నెలలు ఒక ఊళ్ళో ఉండి, ఆ ఊళ్ళో అర్థంకానిది నాకొక్కదానికేనని తెలుసుకోవడానికి ఇంకా పదిహేడు రోజులు పట్టింది.)

ఫాల్గుణం 2

కత్తిరింపు మొదలైంది. శాఖ రూలు ప్రకారం లేఖరి తూకం దగ్గరే నిలబడాలి. నిరుడు రెండు కత్తిరింపులకూ అలాగే నిలబడి, దొడ్డి గుమ్మంలోంచి బయటికొచ్చిన సంచుల్ని మాత్రమే చూశాను. ఈసారి తూకాన్ని దాని మానాన వదిలి దొడ్డి లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

అయిలవ్వ తన గొర్రెల్లో కొన్నిటిని కత్తిరించింది. పక్కన కొమురెల్లి కుటుంబం వాళ్ళది వాళ్ళు కత్తిరించారు. ఎవరి కుప్ప వాళ్ళ ముందు. ఒక్కో గొర్రె ఉన్నికి ఒక్కో సంచి, దాని మీద నేను రాసిన పేరు. అంతా శాఖ బొమ్మల్లో చూపించినట్టే ఉంది. ఇక మూతి కడతారనగా, కొమురెల్లి భార్య మల్కవ్వ తన కుప్పలోంచి పిడికెడు తీసి అయిలవ్వ సంచిలో వేసింది. అయిలవ్వ తన దాంట్లోంచి పిడికెడు తీసి మల్కవ్వ సంచిలో వేసింది. తలెత్తి చూశాను. దొడ్డి నిండా అదే పని. ఎవరూ దాచుకోవడం లేదు, దొంగచూపులు లేవు. ముక్కు చీదినంత మామూలుగా కల్తీ చేస్తున్నారు.

"ఏంటవ్వా అది?" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

"పిడికెడు."

"పిడికెడు ఏంటి?"

"పక్కింటి పిడికెడు బిడ్డా. అది పడకుంట ఎవ్వరన్న సంచి మూతి గడ్తరా?" అని నా వంక జాలిగా చూసింది. నేనేదో తలుపు లేని ఇంట్లో పుట్టి పెరిగినట్టు.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. ఏడుమడుగుల్లో ఎవరి ఉన్నీ ఒంటరిగా సంచిలోకి పోదు. పక్కింటి చెయ్యి పడాలి. ఒంటి ఉన్ని పనికొచ్చేది ఒక్క సందర్భంలోనే. ఒక ఇంట్లో ఆఖరి మనిషి పోతే, ఆ ఇంటి గొర్రెల ఉన్నితోనే, ఇంకెవరిదీ కలపకుండా గొంగడి నేసి పీనుగ మీద కప్పుతారు.

"ఇగ ఆ ఇంటికి ఎవ్వరితోని పొత్తు లేదన్నట్టు" అంది. "మీరొచ్చి ఒక్క గొర్రెది ఒక్క ఉండ గావాలె, ఏది కలవొద్దు అంటిరి. పట్నపోళ్ళకు ఎరుకలేక పీన్గ బొచ్చు తొడుక్కుంటున్నరు గావచ్చు అనుకున్నం. పసిపిల్లలకు గూడ అల్లుతున్నరని నువ్వే జెప్తివి. సూస్కుంట ఎట్ల ఊకుంటం? పట్నం బోయే సంచులల్ల ఒకటికి రెండు పిడికిళ్ళు ఎక్కువనే ఏసినం. పాపం, వాళ్ళకెవ్వరు ఎయ్యాలె?"

నాకు ముందు నవ్వొచ్చింది. తొంభయ్యో అంతస్తులో మంజరిగారు తన భుజం మీద అపరిచితుల్ని చూసి బెంబేలెత్తిపోతోంది. ఇక్కడ వీళ్ళు, ఆవిడ ఒంటరిగా చచ్చిపోకూడదని చాటుగా ఇద్దరు పక్కింటివాళ్ళను జేబులో పెట్టి పంపారు. తర్వాత కోపమొచ్చింది.

"ఇన్నాళ్ళూ నాకు ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడిగినవా? గొర్రె పేరేంది అన్నవ్, జెప్పినం. దాని తల్లి పేరేంది అన్నవ్, జెప్పినం. దాని గుణమేంది అన్నవ్. మా గుణం ఏ గడిల అడిగినవ్ మేడం?"

ఎప్పుడూ బిడ్డా అనే మనిషి మేడం అంది. నేను తూకం దగ్గరికి వెళ్ళి, ఎవరూ అడగకుండానే తూకం వేస్తూ కూర్చున్నాను.

ఫాల్గుణం 6

తనిఖీ అధికారి చక్రపాణిగారితో ఫోన్లో మాట్లాడాను. విషయం సగమే చెప్పాను, కలిసింది పొరపాటు అన్నాను. ఆయన దయగల మనిషి, ఆ సంగతి ఆయనే చెప్పాడు. ఊళ్ళో ఏదో ఒక ఇల్లు తన కళ్ళ ముందు కలపకుండా కత్తిరించి చూపిస్తే చాలు, నూలునాలుక శుద్ధం అంటే మూడు ఫిర్యాదులూ కొట్టేస్తాడట. "ఒక్క ఇల్లండీ, ఎంతసేపు పని!" అన్నాడు.

సాయంత్రం దొడ్డి దగ్గర ఊరంతా కూడారు. ఆయన మాట చెప్పాను. కొమురెల్లి ఊరికి పెద్ద, ముగ్గురు మనవలున్న ఇల్లు. ఆయన నేల చూశాడు. మిగిలినవాళ్ళు ఆయన్ని చూశారు. ఎవరింటి మీద పీనుగ ఉన్ని వేసుకుంటారు?

"నాది తీస్కపోన్రి" అంది అయిలవ్వ. "నా ఎనక ఎవ్వలున్నరు? ఎట్లైన నాతోనే మునుగుతది ఇల్లు. జెర ముందుగాల మునుగుతది, గంతే. గొర్లు బతుకుతయి."

అలా చేస్తే ఏమవుతుందో మల్కవ్వ నాకు గుసగుసగా చెప్పింది. పొయ్యి ఆర్పేస్తారు. మళ్ళీ ఎవరూ నిప్పు ఇవ్వరు. ఆ ఇంట్లో ఎవరూ ముద్ద తినరు. గొర్రెలు తలా కొన్ని పంచుకుంటారు. అయిలవ్వ బతికున్నన్నాళ్ళూ వాళ్ళ గడపల ముందు కూర్చుని, వాళ్ళు పెట్టింది తింటుంది. కొట్టరు, తిట్టరు, ప్రేమగానే పెడతారు. పోయినవాళ్ళకు పెట్టినట్టు పెడతారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. శాఖ మీదా మండింది, ఈ ఊరి మీదా మండింది.

"ఇది వట్టి ఉన్ని అవ్వా! గొర్రె బొచ్చు! దీనికోసం బతికున్న మనిషి పొయ్యి ఆర్పుకుంటుందా?"

"వట్టి ఉన్నేనా?" అంది. "మరి దాని తాత పేరు అడగనీకి గింత దూరం ఎందుకొచ్చినవ్ బిడ్డా?"

కేంద్రానికి వచ్చి ఈ పుస్తకం తెరిచాను.

ఫాల్గుణం 11

పొద్దున మల్కవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి అయిలవ్వ పొయ్యిలో పోసింది. పోస్తూ ఏడ్చింది. అయిలవ్వ చాటతో ఇంకాస్త బూడిద ముందుకు నెట్టి, "గీడ గూడ బొయ్యి, నిప్పున్నది" అంది. పని సగం సగం చేస్తే ఆమెకు నచ్చదు.

చక్రపాణిగారు పది గంటలకు వచ్చాడు. మెడలో మఫ్లర్, ఆ మఫ్లర్‌కు గొర్రె బొమ్మ ఉన్న చీటీ, అది అందరికీ కనబడేట్టు బయటికి వేసుకున్నాడు. కొమురెల్లివాళ్ళ ఉన్ని కుప్ప పక్కనే ఉంది. దాన్ని చూసి, "ఇటు రాకుండా చూసుకోండి" అని హెచ్చరించి కుర్చీలో కూర్చున్నాడు.

అయిలవ్వ కత్తెర పట్టింది. మొదటి గొర్రె ఒంటి నుంచి ఉన్ని దుప్పటిలా విడివడేసరికి, గోడ పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు గొంతెత్తారు. మా అయిలవ్వ అంత కత్తెర ఎవరికుందమ్మా, ఆకలన్నవాళ్ళను ఏనాడు తిప్పిపంపిందమ్మా, మమ్మల్ని విడిచిపోతివా అని రాగం తీశారు. మనిషి పోతే ఏడ్చే ఏడుపు అది. పోతున్న మనిషి మధ్యలో కూర్చుని గొర్రె కాళ్ళు పట్టుకుని వింటోంది.

"ఆహా, కత్తిరింపు పాట!" అన్నాడు చక్రపాణిగారు. "ఎంత ఆర్తి ఉందండీ! ఉండ కొన్నవాళ్ళకు వినిపిద్దాం." గబగబా రికార్డు చేసుకున్నాడు. తర్వాత విని చూసుకుని, గాలి చప్పుడు పడింది, దయచేసి ఇంకోసారి పాడండి అన్నాడు. వాళ్ళు కొమురెల్లి వంక చూశారు. కొమురెల్లి తల ఊపాడు. మొదటి నుంచీ మళ్ళీ ఏడ్చారు. ఈసారి గాలి లేదు.

గొర్రె అయింది. ఉన్ని సంచిలోకి దూర్చింది. ఇక మూతి కట్టాలి. అలవాటు చొప్పున అయిలవ్వ మొహం మల్కవ్వ వైపు తిరిగింది. సంచి మూతి కాస్త విప్పి పట్టుకుంది, పిడికెడు వేయించుకోవడానికి ఎప్పుడూ పట్టుకునేట్టే. మల్కవ్వ కదల్లేదు. అయిలవ్వకు గుర్తొచ్చింది. చప్పున మూతి మూసి, ఏమీ జరగనట్టు తాడు కోసం వెతుక్కుంది. తాడు దొరకలేదు.

నేను లేచి వెళ్ళాను. కొమురెల్లి కుప్పలోంచి నల్లటి ఉన్ని పిడికెడు తీసి, మూతి విప్పి, ఆ సంచిలో వేశాను. చాల్లేదనిపించి ఇంకో గొర్రెది కూడా పిడికెడు వేశాను.

"సుభాషిణిగారూ! ఏం చేస్తున్నారు?"

"కల్తీ చేస్తున్నానండీ."

ఆయన నూలునాలుక తీసి తాకించాడు. గొర్రెలు మూడు అంది. మంజరిగారి దగ్గర చెప్పినంత స్పష్టంగానే చెప్పింది.

ఉద్యోగంలో చేరిన రోజు భయపెట్టడానికి నాకొక రూలు చదివి వినిపించారు. లేఖరి చేతుల మీదుగా కల్తీ జరిగితే లేఖరి ఉద్యోగం పోతుంది, మందకు దోషం అంటదు. దాన్ని చక్రపాణిగారికి అప్పజెప్పాను. ఆ మూడు ఫిర్యాదులూ నా చేతి పనే, ఈ ఊరివాళ్ళకు ఏమీ తెలియదు అన్నాను. శాఖ పుస్తకం తెరిచి, ఆయన చూస్తుండగానే పన్నెండో గడిలో 'కల్తీకి కారణం: లేఖరి' అని రాసి సంతకం చేశాను.

ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "ఎందుకమ్మా ఈ పిచ్చిపని? మందదే తప్పని రాయండి, మీ ఉద్యోగం నేను కాపాడతాను. వీళ్ళకేం, మంచి పత్రం ఇస్తాంగా" అన్నాడు. నిజంగానే దయగల మనిషి.

"రాసేశానండీ. చేతిరాత" అన్నాను.

నమ్మలేదు. కానీ చేతిరాతను నమ్మకపోతే ఆయన శాఖే ఉండదు. మూడు ఫిర్యాదులూ నా పేరు మీదికి మార్చి, కేంద్రం తాళాలు తీసుకుని, పాట మాత్రం భద్రంగా పట్టుకుని వెళ్ళిపోయాడు. వచ్చే కత్తిరింపుకు ఇంకో లేఖరి వస్తాడు. వాడైనా తూకం దగ్గర బుద్ధిగా నిలబడేవాడై ఉంటే బాగుండు. లేదంటే నాలాగే బుద్ధిలేనివాడై ఉండాలి. మధ్యరకం వాడు వస్తేనే ప్రమాదం. అందాకా గొర్రెలకు ఆరు నెలల గడ్డి ఉంది.

ఆయన బండి మలుపు తిరిగాక దొడ్డిలో పెద్ద వాదన లేచింది. నేను వేసిన పిడికెడు చెల్లుతుందా చెల్లదా అని. గొర్రెల్లేని మనిషి, పరాయి ఊరి మనిషి, పైగా వేరేవాళ్ళ కుప్పలోంచి తీసింది. శాఖలో ఎవరికీ తీసిపోరు వీళ్ళు. చాలాసేపు విని కొమురెల్లి గోడ వైపు చెయ్యి చూపించాడు.

"అయిలవ్వ గోడ, కేంద్రం గోడ ఒక్కటే గాదా? పక్కింటి చెయ్యే పడ్డది. ఇగ ఊకోన్రి."

మల్కవ్వ పరుగున వెళ్ళి పెంకు మీద నిప్పులు తెచ్చింది.

నాకు ఉద్యోగం లేదు, రేపటికి ఉండడానికి గది లేదు, గొర్రెలు ఎలాగూ లేవు. ఆ గోడ పక్కన ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. భయంగానే ఉంది. చీరాలలో అన్నయ్యకు ఏమని రాయాలో తోచలేదు.

"నౌకరి బోతె ఆకలి గూడ బోయిందా?" లోపలి నుంచి అయిలవ్వ కేక. "ఎంతసేపు నిలవడ్తవ్? రొట్టె సల్లారుతది. రా, కూసో."

వెళ్ళి కూర్చున్నాను. పొయ్యి ఇంకా తడిగానే ఉంది, ఇల్లంతా పొగ. పొద్దున ఊరంతా రెండుసార్లు ఏడ్చి సాగనంపిన మనిషి, అన్నీ సగం సగం పనులు చేస్తానని నన్ను తిడుతూ నాలుగో రొట్టె వేసింది. నేను వద్దనలేదు.